ఖాళీ గడి

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు చేసిన దాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదని మావారు అంటారు. నిజమే, కానీ సింక్‌లో కాఫీ కప్పు వదిలేస్తూ అంటారు కాబట్టి నేను ఒప్పుకోను.

మా అమ్మాయి ఇక్కడే, ఫ్రీమాంట్‌లోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది. నేను కోపంలో వాడే మాటలు మాత్రం మిగతా వాటికంటే బాగా వచ్చు. అది పదో క్లాసులో ఉన్నప్పుడు లైబ్రరీ నుంచి జపాన్ బొమ్మల పుస్తకాలు మోసుకొచ్చేది. మాంగా అంటారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీస్తుంది, అది నాకు తెలుసు. ఆ ఏడాది మాత్రం గీత తప్ప ఇంకో లోకం లేకుండా పోయింది. లెక్కల్లో మార్కులు తగ్గాయి. నేను ఊరుకుంటానా? బొమ్మలు కూడు పెడతాయా అని అడిగాను. అడిగానంటే మెల్లగా కాదు, పక్కింటి వాళ్ళ కుక్క మొరిగేంత గట్టిగా. మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అప్పటి నుంచి గీసినవి నాకు చూపించడం మానేసింది.

అదే నాకు కష్టంగా తోచింది. అంతకుముందు ప్రతి బొమ్మా తెచ్చి నా లాప్‌టాప్ మీద పెట్టేది, మీటింగ్‌లో ఉన్నా సరే.

పోనీ, ఆ పుస్తకాల్లో ఏముందో చూద్దాం, మాట కలపడానికి ఒక వంకైనా దొరుకుతుందనుకున్నాను. అది మెచ్చుకునే సిరీస్ పన్నెండు భాగాలు. అదంతా ఒక కామిక్ ఆర్టిస్ట్ చుట్టూ తిరిగే మిస్టరీ. పేరున్న ఆర్టిస్ట్, కొన్నేళ్ళుగా తన ప్రతి పుస్తకంలోనూ బొమ్మ ఉండాల్సిన గడి ఒకటి ఖాళీగా వదిలేస్తుంటాడు. ఎందుకు వదిలేస్తున్నాడో ఎవరికీ చెప్పడు. ఒక రోజు మాయమైపోతాడు. ఆయన్ని అభిమానించే ఒక అమ్మాయి ఆ ఖాళీ గళ్ళను పట్టుకుని ఆయన కోసం వెతుకుతుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను మొదట చదివింది ఆఖరి భాగం, అదీ ఆఖరి పేజీ నుంచి. మంచం మీద ఒక పుస్తకం కనిపిస్తే తీసుకుని, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పుస్తకం ఎటు తెరుస్తున్నానో అటే తెరిచాను. ఆగండి, మీరు తప్పు వైపు నుంచి చదువుతున్నారు అని అక్కడ పెద్ద అక్షరాలతో వేసే ఉంది. ప్రకటన ఏదో అనుకుని తిప్పేశాను. తప్పులు పట్టడానికి జీతం తీసుకునే నేను చేసిన పని అది. జపాన్ వాళ్ళ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మన మొదటి పేజీ వాళ్ళకు చివరి పేజీ. అలా మొత్తం ముడి విప్పేసిన చోటే నేను మొదలుపెట్టాను. పాత పుస్తకాల్లో ఆ గళ్ళు గీసింది అసలు ఆయనే కాదు. ఆయన దగ్గర పనిచేసిన ముసలి సహాయకుడు. లోకమంతా మెచ్చుకున్నవి ఆ బొమ్మలే. ఇవి మీరే గీశారా అని ఎవరో అడిగితే ఆ ఆర్టిస్ట్ అవునని తల ఊపాడు. సహాయకుడు పోయాక ఆ గళ్ళు నింపడం ఆయన వల్ల కాలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే దోసె వేస్తూ, పాపం ఆ ముసలాయనే కదూ గీసింది, అని మా అమ్మాయితో అనేశాను. నేను కూడా చదివానని దానికి తెలియాలని నా తాపత్రయం. దోసె తుంచబోతున్న చెయ్యి ఆగిపోయింది. అది అప్పటికింకా తొమ్మిదో భాగంలో ఉంది.

నాలుగు రోజులు మాట్లాడలేదు. అడిగిన దానికి ఓకే అనేది, అంతే.

ఆ సమయంలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆర్ట్ కాలేజీ వాళ్ళు మరుసటి ఏడాది వేసవిలో హైస్కూల్ పిల్లలకు పెట్టే వర్క్‌షాప్‌కి అప్లై చేసుకుంది. నాకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకు చెప్పింది. చేత్తో ఇంకు పెట్టి గీసిన పన్నెండు పేజీల కథ ఒకటి పట్టుకుని స్వయంగా వెళ్ళాలి. స్కాన్‌లూ ప్రింట్లూ తీసుకోరు, అసలు కాగితాలే చూపించాలి. సీట్లు చాలా తక్కువట. ఆ ఏడు వేసవి సెలవులన్నీ కూర్చుని గీసింది. రివ్యూ ఒక శనివారం. ఆ వారంలోనే సరస్వతీ పూజ వచ్చింది.

దసరాల్లో సరస్వతీ పూజ నాడు పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టడం మా ఇంట్లో ఎప్పుడూ తప్పలేదు. ఏటా మా అమ్మాయి లెక్కల పుస్తకం, కెమిస్ట్రీ పుస్తకం, కాలిక్యులేటర్ నేనే ఏరి పెట్టేదాన్ని. ఆ ఏడు నాకు ఒక ఆలోచన వచ్చింది. లెక్కల పుస్తకం వద్దు, దాని బొమ్మలే పెడదాం అనుకున్నాను. నోటితో సారీ చెప్పడం నాకు చేతకాదు. మా అమ్మకూ చేతకాదు. తిట్టిన రోజు సాయంత్రం ఆవిడ పూరీలు చేసేది, దాన్నే మేము సారీ అనుకునేవాళ్ళం. ఇది నా పూరీ అన్నమాట.

అది స్కూల్‌కి వెళ్ళింది. నేను ఇంటి నుంచే పని. తలంటు పోసుకుని, దాని గదిలోంచి నల్ల ఫోల్డర్ తెచ్చి, పీట మీద ఉంచి తెరిచాను. పైనున్న కాగితం చూసి నిజంగా మురిసిపోయాను. ఒకే గది, ఎనిమిది గళ్ళలో, ఎనిమిది మూలల నుంచి చూసినట్టు. కిటికీ, కుర్చీ, గీసే బల్ల, నేల మీద పడ్డ కుంచె. ఎంత ఓపిక దీనికి అనుకున్నాను. ఎడమవైపు కింది మూలలో తొమ్మిదో గడి తెల్లగా ఉంది.

కొత్త పుస్తకం అయితే మొదటి పేజీకి పసుపు రాసి బొట్టు పెట్టడం మనకు అలవాటు. ఇదే మొదటి పేజీ అనుకున్నాను. ఒక్క గీత మీద కూడా పడకూడదని చేతులు రెండుసార్లు తుడుచుకుని, ఆ ఖాళీ గడి నడిమధ్యలో తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. నాలుగు అక్షింతలు వేసి, నా తల్లికి సీటు రావాలని దండం పెట్టుకున్నాను.

సాయంత్రం అది ఇంటికి రాగానే పీట దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. చూడు, లెక్కల పుస్తకం పెట్టలేదు, నీ బొమ్మలే పెట్టాను అన్నాను. ముందు దాని ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను, అందుకే ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. తర్వాత వంగి కాగితం చూసింది. బ్యాగ్ భుజం మీదే ఉంది, అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఖాళీగా ఉన్న చోటే పెట్టానే," అన్నాను.

"అది ఖాళీ కాదమ్మా," అంది. "అది ఎండింగ్."

అప్పుడు చెప్పింది కథ. ఒక కామిక్ ఆర్టిస్ట్ ఇంట్లో ఆవిడ బొమ్మలు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. బయటివాళ్ళెవరూ రారు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఆఖరి గడిలో దొంగ ముఖం ఉండాలి. అక్కడ ఏమీ గీయకుండా వదిలేసింది, చూసేవాళ్ళు ఎవరికి వాళ్ళు ఊహించుకోవాలని. దాని కథ కూడా జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. నేను మళ్ళీ తప్పు వైపు నుంచే తెరిచాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మూడు రోజులూ ముగ్గురం ఏవేవో చేశాం. మావారు శాంటా క్లారా ఆఫీస్ నుంచి ఫోన్‌లోనే, స్కాన్ చేసి ఎడిట్ చేసేద్దాం, ఐదు నిమిషాల పని అన్నారు. అసలు కాగితాలే కావాలన్న సంగతి గుర్తుచేస్తే ఫోన్ పెట్టేశారు. మా అమ్మాయి ఆ బొట్టు మీద తెల్ల రంగు పూసింది. ఆరేసరికి పసుపు మళ్ళీ పైకి తేలింది. తడి గుడ్డతో ఆ తెల్ల రంగు తీసేసింది. పసుపు మరక ఎండకు పోతుందని నాకు తెలుసు కాబట్టి రెండు రోజులు వంటింటి కిటికీలో కాగితాన్ని ఎండబెట్టాను. పసుపు నిజంగానే చాలావరకు పోయింది. కుంకుమ పోలేదు. పేజీ మళ్ళీ గీద్దామని శుక్రవారం స్కూల్ మానేసి కూర్చుంది. మూడు కాగితాలు చింపేసి లేచింది. వేసవిలో అన్ని వారాలు పట్టిన పేజీ ఒక్క రోజులో ఎలా వస్తుంది? దానికి మంచినీళ్ళు తీసుకెళ్ళడం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అదీ మూడోసారి వెళ్తే, ప్లీజ్ అమ్మా, అంది.

ఆ బొట్టుతోనే తీసుకెళ్ళింది. కాలేజీ కారిడార్‌లో నేను గంటసేపు కూర్చున్నాను. బయటికి వచ్చి, బానే అయింది అంది. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కొన్ని వారాలకు మెయిల్ వచ్చింది. సీటు వచ్చింది. నేను ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి సేమ్యా పాయసం పెట్టేశాను. అమ్మవారు నా మొర ఆలకించింది, ఆ బొట్టే కలిసొచ్చింది అని గొప్పగా అనేశాను కూడా. మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది.

ఆ ఉత్తరంలో గీత గురించి ఒక వాక్యం ఉంది. మిగతాదంతా ఆ చుక్క గురించే. ముఖం గీయకుండా, మాట రాయకుండా, ఖాళీ గడిలో ఒక్క ఎర్రని బొట్టుతో దొంగ ఆ ఆర్టిస్ట్ తల్లేనని చెప్పడం ఇంత చిన్న వయసులో అరుదైన విషయమని రాశారు. తన బొమ్మల్ని ఇంట్లో ఎవరు లాక్కుంటున్నారో ఇంత నిశ్శబ్దంగా చెప్పిన పేజీ ఈ ఏడాది ఇంకొకటి చూడలేదని రాశారు.

రెండుసార్లు చదివాను. పొయ్యి మీద పాయసం అడుగంటుతున్న వాసన వస్తోంది, లేచి కట్టేయాలని కూడా తోచలేదు.

"దొంగ నేనేనా?" అని అడిగాను.

"నేను డిసైడ్ చెయ్యలేదమ్మా. అందుకే ఎంప్టీగా ఉంచాను." "రివ్యూలో ఆ డాట్ ప్లాన్ చేసి పెట్టావా అని అడిగారు. నేను తల ఊపాను. ఆ బుక్‌లో ఆర్టిస్ట్ ఏం చేశాడో నీకు తెలుసు కదా. నువ్వే ఫస్ట్ చదివావు."

నేను వాళ్ళకు మెయిల్ రాస్తానన్నాను. పూజ సంగతి, బొట్టు సంగతి, తప్పంతా నాదేనని రాస్తానన్నాను. వద్దంది. వాళ్ళు మెచ్చుకున్న ముక్క తనది కానప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలంది. సరిగ్గా ఈ మాటల్లో కాదు, దానికి వచ్చిన తెలుగులో అదే చెప్పింది. బతిమాలాను. వాళ్ళ నాన్న చెప్పారు. ఆఖరికి నాకు కోపం వచ్చి అరిచాను కూడా, వచ్చిన సీటు వదులుకునే పిచ్చిదాన్ని నిన్నే చూశానని. రానని వాళ్ళకు రాసేసింది. ఆ వేసవిలో కోడింగ్ క్యాంప్‌కి వెళ్ళింది.

ఇప్పుడు కాలేజీలకు అప్లై చేస్తోంది, కంప్యూటర్ సైన్స్‌కి. లెక్కల్లో మార్కులు పెరిగాయి. పార్టీల్లో కలిసిన వాళ్ళు మీరు లక్కీ అంటున్నారు. ఒకప్పుడు నేను పక్కింటి కుక్క బెదిరేలా అరిచి అడిగింది ఇదే కదా. మింగలేను, కక్కలేను. అవునండీ అని నవ్వుతున్నాను.

ఈ దసరాకు నేను దాని గదిలో అడుగుపెట్టలేదు. సరస్వతీ పూజకు ఏం పెట్టమంటావని గుమ్మంలోనే నిలబడి అడిగాను. బల్ల మీద ఇంకు పెన్నులు గ్లాసులో అలాగే ఉన్నాయి. వాటి వైపు చూశాను. నేను చూడటం అది చూసింది. కోపంగా ఏమీ లేదు. ఎంతో నెమ్మదిగా లేచి, బ్యాగ్‌లోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"కాలిక్యులేటర్ పెట్టమ్మా," అంది. "దీనికి బొట్టు ఎక్కడ పెట్టినా పర్లేదు."

పీట మీద ఉంచాను. పసుపు రాసి, కుంకుమ పెట్టాను. ఏమని దండం పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.