మద్రాసు టైము, బెంగళూరు నేల

మొన్న ఆదివారం తిరుపతిలో మా బామ్మర్ది ఇంటికి భోజనానికి వెళితే, అన్నం కలుపుకోకముందే ఫోను తెచ్చి నా విస్తరి పక్కన పెట్టాడు. "సూడు బావా, ఈ చెన్నై గుర్రం పన్నెండు వందల మీటర్లు బెంగళూరు గుర్రాలకన్నా సెకను ముందే కొట్టింది. ఈ వారం బెంగళూరుకు వస్తా ఉండాది. దీన్ని పట్టేది యాడుండాది?" వాడి తండ్రి నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. సరిగ్గా ఈ తప్పే చేసి చంద్రగిరి దగ్గర ఒక మామిడితోపు పోగొట్టాడు. వద్దని చెప్పింది నేను. తోపు పోయినందుకు నాకు బాధ లేదు, అది ఆయన కష్టార్జితం. "నువ్వు చెప్పిందే నిజమైందిరా" అన్న ఒక్క మాట కోసం నేను ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాను. నా భార్య పప్పు వడ్డిస్తూనే నా ముఖం చూసి తమ్ముడితో అంది: "ఎందుకురా కదిలించినావు? మా నాయన పైకి పోయినా ఈయన చేతిలోనించి తప్పించుకోలేదు."

చిత్తూరు వాళ్ళకున్న చిక్కే ఇది. మద్రాసువాడికి మద్రాసు మైదానం చాలు, బెంగళూరువాడికి బెంగళూరు చాలు. మేము నడిమధ్యలో ఉన్నాం. పొద్దున్నే బస్సెక్కి, పలమనేరు దగ్గర చలిగాలికి చెవులు మూసుకుని, బెంగళూరు రేసులకు పోవచ్చు. ఇంకో వారం అటువైపు తిరిగి, చెమటకు చొక్కా పిండుకుంటూ మద్రాసు రేసులకు పోవచ్చు. రెండూ చూసినవాడు పోల్చకుండా ఊరుకోడు. మామకు బెల్లం మండీ ఉండేది. మధ్యాహ్నం వేలం ముగిశాక, ముక్కుకు మత్తెక్కించే ఆ తీపి వాసనలో, ఈగలు తోలుకుంటూ నలుగురు పెద్దమనుషులు గోనెపట్టాల మీద కూర్చుని గుర్రాల గురించి మాట్లాడేవారు. ఆ నలుగురిలో మామే పెద్ద. నన్ను కూర్చోమని ఒక్కనాడూ ఎవరూ అనలేదు. గోడకు ఆనుకుని నిలబడే వినేవాణ్ణి. నేను ప్రభుత్వ సర్వేయర్ని, పెళ్ళయి రెండేళ్ళయిన అల్లుణ్ణి. అయినా నిలబడే ఉన్నాను. ఇది కూడా నేను మరిచిపోలేదు.

రేసు మైదానం అంటే అందరికీ పచ్చగడ్డి కనబడుతుంది. నా వృత్తి అలాంటిది కాబట్టి నాకు వాలు కనబడేది. మలుపు ఎంత ముడుచుకుని ఉంది, చివర నేరుగా ఉరికే దారి ఎంత పొడుగు, నేల గట్టిగా ఉందా, వాన తాగి మెత్తబడిందా, ఇవే చూసేవాణ్ణి. ఒక మైదానంలో, ఒక దూరానికి, మంచి గుర్రం మంచి నేల మీద ఎంతసేపు తీసుకోవాలో అది ఆ చోటి స్టాండర్డ్ టైము. ఏ గుర్రాన్నైనా అది పరిగెత్తిన చోటి స్టాండర్డ్ టైముతోనే కొలవాలి, పక్క ఊరి గడియారంతో కాదు. మూడేళ్ళపాటు పాత రేసు పుస్తకాలు తిరగేశాను. వాన రోజుల పందాలు తీసేశాను, నాసిరకం గుర్రాలవి తీసేశాను, మిగిలినవాటితో రెండు ఊళ్ళకూ దూరాలవారీగా పట్టీలు తయారుచేశాను. ఊళ్ళో పొలాల గెట్టు తగాదాలు కొలిచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుని రాసిన పట్టీలు అవి. ఒక్క పందెమూ కాయలేదు. నాకు లెక్క తేలితే చాలు.

అప్పుడు మద్రాసులో మామ స్నేహితుడొకాయన తన గుర్రాన్ని అమ్ముతానన్నాడు. దాని టైము బెంగళూరు గుర్రాలన్నిటికన్నా ముందుంది. నలుగురూ కలిసి కొని బెంగళూరులో పరిగెత్తించాలని తీర్మానమైంది. తన వాటా కోసం మామ తోపు అమ్మడానికి సిద్ధపడ్డాడు. నేను పట్టీలు పట్టుకుని మండీకి పరిగెత్తాను. "మామా, మద్రాసులో ఆ దూరం ఏ గుర్రమైనా తొందరగానే కొడతాది. ఆ చోటి స్టాండర్డ్ టైముకు ఇది అర సెకను వెనకే ఉండాది. బెంగళూరు నేల మీద ఇది మామూలు గుర్రం. కొనద్దు."

భాగస్థుల్లో ఒకాయన, నూనె వ్యాపారం చేసే చెట్టియారు, నవ్వాడు. "టైము టైమే గదబ్బా! మద్రాసు గడియారం ముల్లు ఏమన్నా వేరేగా తిరగతాదా?"

"తేడా గడియారంలో లేదు, నేలలో ఉండాది" అన్నాను.

మామ నా వైపు తలైనా తిప్పలేదు. "రేయ్, నువ్వు పొలాలు కొలుసుకో పో. గుర్రం ఏమన్నా గెట్టురాయా, పాతినచోట ఉండేదానికి? పోయి నలుగురికీ వక్కాకు తీసకరా" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వక్కాకు తెచ్చేసరికి ఎవరో బేరగాడు బెల్లం మచ్చు అడిగితే, మామ నా కాగితాల్లోనుంచి ఒకటి లాగి, ఇంత బెల్లం గడ్డ పొట్లం కట్టి ఇచ్చి పంపాడు. అది మద్రాసు పట్టీ. మూడేళ్ళ పని, ఏ ఊళ్ళో ఎవరి ఇంట్లోనో చీమలు నాకివుంటాయి.

గుర్రం వచ్చింది. బెంగళూరులో మొదటి పందానికి నన్నూ తీసుకుపోయారు, సంచీలు మోయడానికి. నా చేతిలో గడియారం ఉంది. నా లెక్క ఎంత చెప్పిందో దాదాపు అంతే సేపు తీసుకుని, ఏడో గుర్రంగా వచ్చింది. "మద్రాసునించి వచ్చే దావలో అలిసింది" అన్నాడు మామ. రెండోసారి జాకీకి చేతకాలేదు. మూడోసారి దానికి బెంగళూరు గాలి పడలేదు. ఆఖరుకు దాన్ని స్వారీ నేర్పేవాళ్ళకు ఇచ్చేశారు. తోపు ఎవరో కొనుక్కుని చుట్టూ కంచె వేశారు. ఇక ఇప్పుడైనా ఆ మాట అంటాడని ఎదురుచూశాను. ఏమన్నాడో తెలుసా? ఒక పెళ్ళి పందిట్లో, బంధువులంతా ఉండగా, నన్ను చూపించి, "గుర్రం మంచిదేనప్పా. కొనకముందే మా అల్లుడు నోరు పెట్టినాడు" అన్నాడు. ఆనాటినుంచి ఎవరింట్లోనైనా మంచి పని తలపెడితే, నేను గడప దిగేదాకా ఆ ఊసెత్తేవారు కాదు.

చివరి రోజుల్లో ఆయన తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడు. పగటిపూట నేను కూర్చునేవాణ్ణి. పక్క మంచం మీద నాయుడుపేట ఆయన, లారీ డ్రైవరు, ఆయనకూ రేసుల పిచ్చే. ఒక మధ్యాహ్నం పేపరు చూస్తూ, ఫలానా గుర్రం టైము బ్రహ్మాండంగా ఉండాది, ఊరు మారి పరిగెత్తినా గెలస్తాది అన్నాడు. మామ దిండుకు ఆనుకుని మెల్లగా లేచాడు. "టైము సూసి మోసపోవద్దప్పా. నేల సూడల్ల. ఒక్కో మైదానానికి ఒక్కో లెక్క ఉంటాది" అన్నాడు.

నేను బత్తాయి ఒలుస్తున్నాను. "ఈ మాట నీకు ఎవరు సెప్పినారు మామా?"

"ఒకరు సెప్పేదేందిరా? ఇన్ని రేసులు సూసినోనికి తెలీదా?"

నాయుడుపేట ఆయన నా వైపు తిరిగి, "మీ మామ గట్టోడు సామీ. పక్కనే ఉండి నాలుగు మాటలు నేర్చుకో" అన్నాడు.

తొనలు గింజలు తీసి మామ చేతిలో పెట్టాను. ఆయన తింటూ నా ముఖంలోకి కాసేపు చూసి, కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత పది రోజులకు పోయాడు. ఆ చూపులోనే ఒప్పుకున్నాడని నా భార్య అంటుంది. చూపు మాట కాదని నేను అంటాను. నా నోట బయలుదేరిన ముక్క ఆయన నోటికి చేరడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఆయనలాంటి నేల మీద ఒక మాట నడవడానికి అది ఎక్కువో తక్కువో చెప్పే పట్టీ మాత్రం నా దగ్గర లేదు.