పిల్లులు నేర్పిన గొంతు

మా పిన్ని ఇంట్లో ఉద్యోగం చేసేది ఆవిడొక్కతే అయినా, డ్యూటీ మాత్రం ముగ్గురు ఎక్కుతారు: పిన్ని, దొరసాని, గుమాస్తా. చివరి ఇద్దరూ పిల్లులు. దొరసాని తెల్లది, లావుపాటిది, ఎవరైనా ఎత్తి దింపితే తప్ప కుర్చీ దిగదు. గుమాస్తా బూడిదరంగుది. కీబోర్డు కనబడితే చాలు, దాని మీద చతికిలబడి, ఆఫీసంతా తన నెత్తి మీదే ఉన్నట్టు గోడకేసి చూస్తుంది. పేర్లు పెట్టింది బాబాయి, నోట్లో మాట ఉన్న రోజుల్లో. ఇప్పుడాయనకి పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. వినికిడి, తెలివి మాత్రం చక్కగా ఉన్నాయి. చూసేవాళ్లకి అదే ఎక్కువ బాధ.

ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీకి వచ్చే ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం పిన్ని పని. బాబాయి మంచాన పడ్డాక బతిమాలి బామాలి ఇంటి నుంచి పనిచేసే అనుమతి తెచ్చుకుంది. దానికో షరతు ఉంది. ప్రతి కాల్ రికార్డవుతుంది, కొన్నింటిని ఎవరో కూర్చుని విని మార్కులు వేస్తారు. ఇంటి చప్పుళ్లు వినబడితే మార్కులు తగ్గుతాయి. అలా తగ్గుతూ పోతే అనుమతి రద్దయి ఆఫీసుకి వెళ్లాలి. వెళ్తే బాబాయిని పక్కకి తిప్పేవాళ్లు లేరు, గుక్కెడు నీళ్లు పట్టేవాళ్లు లేరు. నేను రెండు వీధుల అవతలే ఉంటాను గానీ, నాదీ పొద్దున పోయి సాయంత్రం వచ్చే బతుకే. మనిషిని పెట్టుకునే తాహతు ఆ జీతానికి లేదు. అంటే ఆ ఇల్లు ఆ అనుమతి మీద నిలబడి ఉంది. ఈ సంగతి పిల్లులకి తప్ప అందరికీ తెలుసు.

పిన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని "నమస్కారమండీ, చెప్పండి" అన్నదా, నిద్రపోతున్న పిల్లులు రెండూ ఎక్కడెక్కడి నుంచో లేచి వచ్చేవి. ఒకటి ఒళ్లోకి, ఒకటి కీబోర్డు మీదికి. అవతల ఎవరో మెషీన్ నీళ్లు కారుతోందని గోల పెడుతుంటే, ఇవతల దొరసాని పిన్ని గడ్డానికి తల రాస్తూ రాగం తీసేది. చేత్తో తోస్తే ఆట అనుకునేది. పట్టించుకోకపోతే గుమాస్తా బల్ల మీది గ్లాసుని మెల్లగా, పిన్ని మొహంలోకి చూస్తూ, అంచు దాకా జరిపి కింద పడేసేది. ఆవిడకి తల ప్రాణం తోకకి వచ్చేది.

"గదిలో కూర్చుని తలుపేసుకోరాదా పిన్నీ?" అన్నాను.

"తలుపేస్తే మీ బాబాయి కనబడరే. ఆయన పిలవలేరుగా, చూస్తూ ఉండాల్సిందే."

పిల్లుల్ని బాత్రూంలో పెట్టి గడియ వేసి చూశాం. దొరసాని ఎత్తుకున్న ఏడుపుకి పక్కింటావిడ వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

"పోనీ ఎవరికైనా ఇచ్చెయ్."

"ఆయన దగ్గర కూర్చునేవాళ్లు ఇంకెవరున్నారే? నువ్వు కూర్చుంటావా?"



ఒక పెద్దాయన ఫోన్లో అరుపు విని, "పసిబిడ్డ ఏడుస్తున్నట్టుంది, పాలు పట్టి రామ్మా, నేనుంటాను" అన్నాడట. పిల్లి అని చెప్పడానికి నోరు రాక పిన్ని, "మీది మంచి మనసండీ" అని, పాలు పట్టేంతసేపు ఊరికే కూర్చుని మళ్లీ మాట్లాడింది. ఆ కాలే మార్కులవాళ్ల చెవిన పడింది. టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. పిన్ని కొడుకు వయసుంటుంది అతనికి, కొడుకంటూ ఉంటే.

"మేడమ్, మీకు పిల్లలు లేరని ఉంది ఫైల్లో."

"లేరండీ. పిల్లులు."

"ఏదైనా శబ్దం శబ్దమే కదా మేడమ్. ఇంకోసారి వస్తే నా చేతుల్లో ఉండదు."

ఆ వారం నాకు జ్వరం వచ్చి, సెలవు పెట్టి, పిన్ని ఇంట్లోనే పడుకున్నాను. పనేమీ లేదు కాబట్టి పిల్లుల్ని చూస్తూ గడిపాను. పిన్ని నాతో మాట్లాడినంతసేపూ అవి చెవి కూడా కదపలేదు. ఫోన్ ఎత్తగానే లేచాయి. నాతో మళ్లీ మాట్లాడితే పడుకున్నాయి. నాకు నవ్వొచ్చింది, దిగులూ వేసింది.

"పిన్నీ, అవి నీ పని చెడగొట్టడం లేదు. నువ్వు పిలుస్తుంటే వస్తున్నాయి" అన్నాను.

సంగతి ఏమిటంటే, మా వంశంలో ఆడవాళ్లకి మెత్తని గొంతు లేదు. మా అమ్మా పిన్నీ కుశలప్రశ్నలు వేసుకుంటుంటే దారినపోయేవాళ్లు తగువనుకుని ఆగి చూస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ ఇచ్చినావిడ, "గొంతులో నవ్వు వినబడాలమ్మా" అని ఎంత మొత్తుకున్నా, పిన్ని "నమస్కారమండీ" అంటే పోలీసులు తలుపు కొట్టినట్టే ఉండేదట. చివరికి ఆవిడ విసిగిపోయి, "ఇంట్లో ఎవరితో ముద్దుగా మాట్లాడతారో వాళ్లు ఎదురుగా ఉన్నారనుకోండి" అంది. పిన్ని కళ్లు మూసుకుని పిల్లుల్ని తలుచుకుంది. ఆ బ్యాచ్‌లో అందరికంటే ముందు పాసయింది. "నేను గుర్తు రాలేదన్నమాట" అని బాబాయి చాలాకాలం దెప్పిపొడిచాడు.

కంపెనీ వాడుకుంటున్నది పిల్లుల గొంతు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆ సంగతి పిల్లులకి తెలియలేదు, అంతే.

పిన్ని రెండు రోజులు ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. గొంతులు తారుమారు చేసెయ్యడం. ఇకమీదట తిండి పెట్టేటప్పుడూ, ఒళ్లు నిమిరేటప్పుడూ తిట్లే. "రండి, మింగండి, దిక్కుమాలిన మొహాల్లారా" అంటూ గిన్నె పెట్టేది. మెత్తని గొంతు ఫోన్‌కి మాత్రమే. ఆ గొంతు విని దగ్గరికొస్తే చెయ్యి వెయ్యదు, కళ్లెత్తి చూడదు. ఒకరోజు గుమాస్తా ఆవిడ మోకాలి మీద కాలేసి, పైకి చూస్తూ చాలాసేపు నిలబడింది. పిన్ని తెర మీంచి చూపు తిప్పకుండా, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అంది, మొహం కూడా తెలియని ఎవరితోనో. గుమాస్తా కాలు దింపుకుని వెళ్లిపోయింది.

చిక్కల్లా బాబాయి దగ్గరొచ్చింది. ఆయన పడిపోయాక, అన్నం కలిపి తినిపించేటప్పుడు, పిన్ని ఆయనతో కూడా ఆ గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లకి. ఆ పూటల కోసం ఆయన ఎదురుచూసేవాడని నేను కళ్లారా చూశాను. కానీ పిల్లులుండేది ఆయన మంచం మీదే. ఇంట్లో ఒక్క మెత్తని మాట వాటి చెవిన పడి, వెంటనే ఓ ముద్ద దొరికిందా, చేసిందంతా బూడిదలో పోసినట్టే.

"కొన్నాళ్లేనండీ" అని ఆయనకి చెప్పింది. ఆయన సరేనన్నట్టు తలూపాడు. అప్పట్నుంచి ఆయనకీ కసురులే. "నోరు తెరవండి. మింగండి. ఇటు తిరగండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లులకి పాఠం చెప్పడానికి మనిషిని కసురుకోవడమేంటి పిన్నీ?"

"ఉద్యోగం పోతే కసరడానికి కూడా దిక్కుండదే ఆయనకి."

 

పాఠం మాత్రం బాగా ఎక్కింది. చలికాలం వెళ్లేసరికి, పిన్ని ఎంత తీయగా మాట్లాడినా దొరసాని కళ్లు తెరవడం మానేసింది. తిడితే పరుగెత్తుకొచ్చేవి. "పాడు పీనుగా" అంటే చాలు, గుమాస్తా తోక నిటారుగా లేపి హాజరు. చూసినవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కాల్స్‌లో చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. మార్కులు నిండుగా పడ్డాయి. నెలకి నెల పిన్ని పేరే పైన.

టీమ్ లీడర్ మళ్లీ ఫోన్ చేసింది నేను ఇంట్లో ఉన్నప్పుడే. పిన్ని నాకు వినబడేట్టు స్పీకర్ నొక్కింది.

"మేడమ్, శుభవార్త. మీ కాల్స్ పెద్దవాళ్లు విన్నారు. కొత్తగా చేరేవాళ్లకి మీరే నేర్పాలన్నారు. వచ్చే నెల నుంచి ఆఫీసుకి రావాలి."

"నేను ఇంటి నుంచే చేసుకుంటానండీ. ఇలాగే బాగుంది."

"నేర్పడం ఇంటి నుంచి కుదరదు మేడమ్. ఇంటి నుంచి చేసే మీ సీటు వేరేవాళ్లకి ఇచ్చేశారు కూడా."

"మావారి పరిస్థితి మీకు తెలుసు కదండీ."

"తెలుసు మేడమ్, అందుకే కాస్త జీతం పెంచమని నేనే చెప్పాను."

ఆ కాస్త, మనిషిని పెట్టుకోవడానికి సగానికి కూడా రాదు. పిన్ని ఆ మాటే చెప్పింది. కనీసం పాత సీటైనా ఇప్పించమని అడిగింది. అతను పాపం కనుక్కుని, మర్నాడు కుదరదని చెప్పాడు. అన్నిసార్లూ పిన్ని మాట్లాడింది ఆ గొంతుతోనే, నవ్వు వినబడేట్టు. నేనైతే ఫోన్ విసిరికొట్టేదాన్ని.

ఆఫీసుకి వెళ్లలేక పిన్ని ఉద్యోగం మానుకుంది. కంప్యూటరూ హెడ్‌ఫోనూ పట్టుకుపోవడానికి కంపెనీ మనిషి నెలాఖరు సాయంత్రం వచ్చాడు. అతను వెళ్లాక బల్ల మీద దుమ్ము అచ్చు మాత్రం మిగిలింది. రేపట్నుంచి ఇల్లెలా గడుస్తుందో పిన్నికీ తెలియదు, నాకూ తెలియదు. ఆవిడ ఏడవలేదు. మొహం కడుక్కుని, వచ్చి బాబాయి మంచం అంచున కూర్చుంది. పిల్లులు రెండూ ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉన్నాయి. టీవీలో ఏదో వస్తోంది.

"ఏమండీ, టీ పెట్టనా?" అంది, మెత్తగా. ఇన్నాళ్లకి.

బాబాయి ఎడమచేత్తో రిమోట్ తడుముకుని టీవీ ఆపేశాడు. చప్పుడు కాకుండా దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కళ్లు మూసుకున్నాడు.

"ఫోన్ కాదండీ. మిమ్మల్నే. కొంచెం టీ తాగుతారా?"

ఆయన కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు. పిన్ని నా వైపు చూసింది. 

"తాగుతారా, తాగరా? తొందరగా చెప్పి చావండి" అంది గట్టిగా.

పిల్లులు లేచి ఆవిడ ఒళ్లోకి వచ్చాయి. బాబాయి కళ్లు తెరిచి, గబగబా తలూపాడు.