ఒక్క గిన్నె వైపు పోయిన పావురం

ఏడేళ్లుగా ఒక పావురం బరువు మోస్తున్నాను. నవ్వకండి. అరచేతిలో పట్టేంత పక్షే, కానీ దించుకునే చోటు దొరకలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి పద్మ రాస్తోంది. వినేది మీరు.

మా ఆయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఆయన పోయాక కరీంనగర్‌లో ఒక కాలేజీలో పావురాల గది ఊడ్చే పనికి కుదిరాను. పొద్దున్నే ఆ గదిలో ఎండ పొగలా ఉండేది. ఈకలు కిందికి రావడం మరిచిపోయినట్టు తేలుతుండేవి. జైనూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అక్కడ పరీక్షలు చేసేది. పెట్టెకు రెండు తలుపులు. ఒకదాని వెనక ఒక్క గిన్నె. రెండోదాని వెనక రెండు గిన్నెలు, దేంట్లో తినాలో పావురం ఇష్టం. ఎటు పోయినా దొరికేవి అన్నే జొన్నలు. అయినా పావురాలన్నీ రెండు గిన్నెల వైపే పోయేవి. తెల్లరెక్కది తప్ప.

"గిదొక్కటి ఒక్క గిన్నె దిక్కే పోతది అవ్వా. నువ్వేమన్న నేర్పినవా ఏంది?"

"నేనేం నేర్పుత బిడ్డా! నా లెక్కనే, ఉన్నదాంతోని సర్దుకుంటుంది."

"నీ ముంగట ఎవరన్న రెండు గిన్నెలు పెట్టిండ్రా, నువ్వు వద్దన్నవా?"

"పెట్టలే" అన్నాను. ఇద్దరం నవ్వాం. కానీ ఆ ఒక్క పావురంతో తన పరీక్ష తప్పుతుందేమోనని ఆమె ముఖంలో దిగులు పోలేదు. అది చూడలేకపోయాను.

సాంచా మీద పోగు తెగితే కనబడకుండా ముడి వేసేవాళ్లం. బట్ట సాఫీగా కనబడితే చాలు. ఆ పావురం కూడా నాకు తెగిన పోగులాగే కనబడింది. ఆమె రాకముందే రోజూ దాన్ని పెట్టెలో వదిలి, ఒక్క గిన్నె తలుపుకు అరచెయ్యి అడ్డం పెట్టాను. రెండు గిన్నెల్లో పల్లీ పలుకులు వేశాను. వారం తిరిగేసరికి నా చెయ్యి అడ్డం లేకపోయినా దానంతట అదే రెండు గిన్నెల వైపు పోయింది.

ఆ అమ్మాయి నన్ను వాటేసుకుంది. "చూసినవా అవ్వా, నోరులేని జీవికి గూడ తనది తాను ఎంచుకునుడే ఇష్టం!" ఆమె పుస్తకంలో అదే రాసుకుంది. ఇప్పుడు పిల్లలకు అదే చెబుతోందట.

తెల్లరెక్కది ఆ ఒక్క గిన్నె దగ్గర తిన్నాక కాసేపు కళ్లు మూసుకునేది. అక్కడ దానికి ఏం కనిపించేదో? నిజంగా సర్దుకుందా, లేక అదే దాని కోరికా? నేను అడగలేదు. మా ఆయన పోయిన పదకొండో రోజు నా బావలు కూర్చుని, నేనెక్కడ ఉండాలో, ఏం కట్టాలో నా మంచికే అంటూ తేల్చేశారు. నీకేం కావాలని ఒక్కరూ నన్ను అడగలేదు. ఆ మంటంతా తెలిసి కూడా, మంచికే అనుకుంటూ నేనూ ఒక ప్రాణానికి తలుపు మూశానే! ఆమె మీద ప్రేమతో చేశానా? ఒకరి ఇష్టాన్ని తిప్పడం ఒక్కసారి నా చేతికి దొరికిందనా? ఇప్పటికీ తెలియదు.

పద్మ చెయ్యి ఆగింది. ఇది రాయాలా అని అడుగుతోంది. రాయమన్నాను. అది తన ఇష్టంతోనే ఒక్క గిన్నె వైపు పోయేది. తిప్పింది నేను.