తాళం వేసిన దాహం

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు తీగలత్త. సన్నని తీగలున్న ఒక పెట్టెను భుజాన వేసుకుని బడి బడికీ తిరిగి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒళ్ళు కొలవడం ఆమె ఉద్యోగం. జబ్బుపడ్డ పిల్లకు ఏది తగ్గిందో తెలియాలంటే, జబ్బులేని పిల్ల ఒంట్లో నీరెంత, కొవ్వెంత, కండ ఎంత ఉంటాయో ముందు తెలియాలి. ఆ లెక్క కోసమే పిల్లల ఆసుపత్రి ఆమెను నియమించుకుంది. పిల్లను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికీ కాలికీ జిగురు బిళ్ళలు అంటించి, చీమ పాకినంత కూడా తెలియని విద్యుత్తును ఒంట్లోకి పంపుతుంది. నీరున్నచోట అది సులువుగా సాగిపోతుంది, లేనిచోట మొరాయిస్తుంది. ఆ మొరాయింపును బట్టి యంత్రం లెక్క చెబుతుంది.

ఆమెకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఆసుపత్రిలో ప్రతీతి. అయితే ఆ కోపం కదిలే పిల్లలమీద కాదు, కదిలించే పెద్దలమీద. "నవ్వకే బంగారూ, నువ్వు నవ్వితే నీ పొట్టలో నీళ్ళు కూడా నవ్వుతాయి" అని బుజ్జగించిన గొంతే, తలుపు తోసుకుని తొంగిచూసిన మాస్టారిని "ఇక్కడేమన్నా సినిమా ఆడుతోందా? టికెట్ కొన్నారా?" అని కడిగిపారేసేది.

ఆమె వదలని నియమం ఒకటుంది. బల్లెక్కేముందు ప్రతి పిల్లా మరుగుదొడ్డికి వెళ్ళి రావాలి. పొట్టలో ఆగిన నీరు లెక్కను చెడగొట్టకూడదు. "వెళ్ళొచ్చావా?" అని అడగనిదే బిళ్ళ అంటించదు.

ఆ ఏడు ఆమె కూతురు చదివే బడి వంతు వచ్చింది. ఇంట్లో ఆ పిల్ల ముద్దుపేరు గంగాళం. సాయంత్రం బడినుంచి వస్తూనే, సంచి భుజాన ఉండగానే చెంబు ఎత్తి గటగటా తాగేది. "ఊపిరి పీల్చుకోవే గంగాళం! మీ బళ్ళో నీళ్ళకి కరువొచ్చిందా?" అని తల్లి వేళాకోళం చేస్తే, మూతి తుడుచుకుని నవ్వేసేది.

మగపిల్లల కొలతలు సాఫీగా సాగాయి. మధ్యాహ్నం ఆడపిల్లల వంతు వచ్చేసరికి యంత్రం తిక్క లెక్కలు మొదలుపెట్టింది. చీపురుపుల్లలాంటి పిల్లకు కొవ్వు ఎక్కువంది. ఆ వెనక వచ్చిన ఇంకా బక్కపిల్లకూ అదే మాట. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పుట్టే మొరాయింపును యంత్రం కొవ్వుగా పొరబడుతుంది. కానీ వరసగా ఇంతమందికా? ఆమె తీగలు మార్చింది, బిళ్ళలు మార్చింది. లెక్క మారలేదు.

అప్పుడు కూతురు వచ్చి బల్లెక్కింది.

"వెళ్ళొచ్చావా?"

"ఆ."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

పిల్ల పైకప్పుకేసి చూసింది. "ఎక్కడికెళ్తామమ్మా? దానికెప్పుడూ తాళమేగా."

"మరి అందరూ వెళ్ళొచ్చామన్నారే!"

"నువ్వు అరుస్తావని అలా అన్నారు."

"మరి సాయంత్రందాకా ఎలా ఉంటారే?"

"నీళ్ళు తాగం. తాగకపోతే రాదుగా." లెక్కల్లో కిటుకు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "కొత్తగా చేరినవాళ్ళకి మేమే నేర్పుతాం."

గంగాళమని పిలిచి నవ్విన ప్రతి సాయంత్రమూ తల్లికి గుర్తొచ్చింది. బిళ్ళలు చేతిలోనే నలిగిపోయాయి. విసవిసా నడిచి, బడిని నడిపే పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"ఆడపిల్లల దొడ్డికి తాళమెందుకేశారు?"

పెద్ద మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "తీస్తే కంపు చేస్తారమ్మా. పై అధికారులెవరైనా చూడ్డానికొస్తే కడిగించి తీస్తాం."

"అంటే చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కట్టించారా దాన్ని?"

"ఎందుకంత ఆవేశం? పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారుగా! ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?"

ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన నిట్టూర్చాడు. "నువ్వు చెప్పేది నిజమే. కానీ గడువు ముంచుకొస్తోంది. ఆ పిల్లల్ని వదిలేసెయ్. లేదా ఉన్నదున్నట్టు ఎక్కించు. బడికొచ్చే పిల్లలేగా, ఆరోగ్యవంతుల కిందే లెక్క."

"వదిలేస్తే వీళ్ళు లేనట్టే సార్. ఎక్కిస్తే దాహమే ఆరోగ్యమైపోతుంది. రేపు వడలిపోయిన పిల్లని మీ దగ్గరికి తెస్తే, అంతా మామూలే, తీసుకుపొమ్మంటారు."

"నిన్ను పంపింది కొలవడానికమ్మా, తగువులు తీర్చడానికి కాదు."

"అయితే కొలవను" అని ఫోన్ పెట్టేసింది.

మూసిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, తాళమున్న తలుపు ముందు కుర్చీ వేసుక్కూర్చుంది. బడి వదిలేవేళకు తల్లులు గేటు దగ్గర గుమిగూడి, విషయమేమిటని ఒకరినొకరు అడగసాగారు. అది చూసి పెద్ద మేడమ్ కాపలాదారు చేత తాళం తీయించింది. లోపల బూజు, పగిలిన బకెట్టు, ఒక దగ్గు దగ్గి ఊరుకున్న కుళాయి. గొళ్ళేనికి వేలాడుతున్న తాళాన్ని తీగలత్త తీసి, తన పెట్టెలో పడేసుకుంది.

"అది బడి సొత్తు!" అని అరిచింది పెద్ద మేడమ్.

"దొడ్డి కూడా బడి సొత్తేనండీ. కడిగించి నీళ్ళు పెట్టించండి. వచ్చేవారం మళ్ళీ వస్తా."

వచ్చింది. దొడ్డి కడిగించారని, కుళాయి పారుతోందని కాపలాదారు గర్వంగా చెప్పాడు కూడా. గొళ్ళేనికి మాత్రం మునుపటికంటే లావుపాటి కొత్త తాళం మెరుస్తోంది. శుభ్రం చేసింది పాడుచేస్తారని వేయించానంది పెద్ద మేడమ్.

ఏదో అనబోయిన తీగలత్త పక్కకు చూసింది. వరండాలో ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. గంగాళమే అందరికంటే ముందుంది. ఒక కాలిమీదినుంచి ఇంకో కాలిమీదికి మారుతున్నారు, పెదవులు కొరుక్కుంటున్నారు.

ఆమె వాళ్ళవైపు తిరిగి ఎప్పటి ప్రశ్నే అడిగింది. "వెళ్ళొచ్చారా?"

"లేదు!" వరండా దద్దరిల్లింది.

"మరి?"

"పొద్దుటినుంచీ తాగుతున్నాం!" అంది చీపురుపుల్ల.

"అందరం!" అంది గంగాళం, పెద్ద మేడమ్ కళ్ళల్లోకి సూటిగా చూస్తూ. "మేడమ్, ఇక్కడే వరండాలో కానిచ్చెయ్యమంటారా?"

తాళంచెవి కోసం పెద్ద మేడమ్ పరుగెత్తింది. తీగలత్త కింద కూర్చుని పెట్టె మూత తెరిచింది, పాత తాళం పక్కన కొత్తదానికి చోటు సర్దుతూ.