గోడ బయట పెట్టిన మా పెదనాన్న

మా పెదనాన్నను సమాధుల తోట గోడ బయట పూడ్పించారు. లోపల చోటు లేక కాదు. ఆయనకు బాప్తిస్మం లేదట, సంఘం పుస్తకంలో పేరు లేదట. అలాంటివాడికి గోడ లోపల చోటు ఇవ్వకూడదని పెద్దలు తీర్మానం రాశారు. పోయిన శనివారం పొద్దున్న ఆయన జ్వరంతో పోయాడు. మా అమ్మ ఏడుస్తూ గుడికి వెళ్ళేసరికే ఆ కాగితం మీద సిరా ఆరిపోయి ఉంది. అంటే ఎప్పుడు రాశారు? మనిషి ఇంకా ఊపిరి పీలుస్తుండగానా? అడిగాను.

నేను నెల్లిమర్ల జనపనార మిల్లులో గోనె సంచులకు మూతులు కుట్టే కూలిదాన్ని. బడికి పోలేదు. సంఘం పత్రికలో ఇది వెయ్యరని తెలుసు. అందుకే మా మిల్లువాళ్ళు చేత్తో రాసి తిప్పుకునే పత్రికకు ఇస్తున్నాను. గుడి తలుపుకు కూడా ఒకటి అంటిస్తాను, సంఘంలో మీరంతా చదవాలని.

పెదనాన్నకు ఉన్నదేమిటో దాని పేరు నాకు తెలియదు. ఏ డాక్టరూ చూడలేదు. ఊరు పెట్టిన పేర్లు మాత్రం తెలుసు: పిచ్చోడు, మొద్దు, గాలి సోకినోడు. ఆయన ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు. ఎవరైనా ముట్టుకుంటే వాత పెట్టినట్టు ఎగిరిపడేవాడు. గుడి గంట మోగితే చెవులు మూసుకుని బయటికి పోయేవాడు. అందుకే ప్రతి ఆదివారమూ బయట కిటికీ అరుగు మీదే కూర్చుని వాక్యం వినేవాడు. వినడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఆ గుడిలో మీరు కూర్చునే చాపలన్నీ ఆయన అల్లినవే. తుంగ తానే కోసి, ఎండబెట్టి అల్లేవాడు. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి అంచుకు అంచు కలిపి పరిచేవాడు. ఎవరి కాలైనా తగిలి చాప వంకరపోతే, ప్రార్థన మధ్యలో లోపలికొచ్చి సరిచేసి మళ్ళీ అరుగు మీదికి పోయేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. పెద్దలు దేవుడి దగ్గర మర్యాద తెలియనివాడని గొణిగేవాళ్ళు.

"మనుసుల మొగం సూడవేటి పెదనాన్నా?" అని చిన్నప్పుడు అడిగాను.

"మొగం గడియకోలాగ మారతాది. సాప అంచు మారదు," అన్నాడు.

ఆ అరుగు మీదే నాకు చదువు వచ్చింది. పాటల పుస్తకం మీద ఆయన వేలు కదిలేది, నా కళ్ళు దాని వెంట వెళ్ళేవి. తప్పు చదివితే తిట్టేవాడు కాదు. "అది అలగ నేదు. ఉన్నది ఉన్నట్టు సెప్పు," అనేవాడు. మెచ్చుకోవడమూ లేదు. సరిగ్గా చదివితే పేజీ తిప్పేవాడు.

బాప్తిస్మం కోసం ఆయన అడగలేదని పెద్దలు ఇప్పుడు చెబుతున్నారు. అబద్ధం. అడిగాడు. అప్పుడు నాకు పదేళ్ళు. కిటికీలోంచి చూశాను. గుడిలో ఆయన ఎదురుగా మా సంఘ పెద్ద కూర్చున్నాడు.

"నీ పాపాలు ఒప్పుకుంటావా?"

"ఏ పాపాలు?"

"అబద్దాలు ఆడినావు గదా?"

"నేదు."

"దొంగతనం?"

"నేదు."

"పోనీ, ఎవలి మీదైనా కోపం ఉన్నాదా?"

పెదనాన్న చాలాసేపు ఆలోచించాడు. "ఉన్నాది. ఎదురింటి కోడి మీద. మంగళారం సాప పీకీసింది."

గుడంతా గొల్లుమంది. పెద్ద నవ్వలేదు. "గర్వం సూసారా! ఒరే, నా కళ్ళల్లోకి సూసి సెప్పు, పాపివా కాదా?"

"మీ మూడో గుండీ ఊడిపోతన్నాది," అన్నాడు పెదనాన్న. చూస్తున్నది గుండీనే కదా మరి.

పెద్ద లేచి ప్రార్థన చేస్తానని ఆయన నెత్తి మీద చెయ్యి వేసి నొక్కాడు. పెదనాన్న కేక పెట్టి పారిపోయాడు. "దెయ్యం ఉన్నాది, అందుకే ఓర్చుకోలేకపోయింది," అన్నారు. ఆ రోజుతో సరి. ఆడని అబద్ధాన్ని ఆడానని ఒప్పుకుని ఉంటే ఈరోజు గోడ లోపల ఉండేవాడు.

నేనూ మంచిదాన్ని కాదు. ఒకసారి చీపురుపల్లి స్టేషన్లో రైలు కూత వెయ్యగానే ఆయన చెవులు మూసుకుని ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయాడు. జనం మూగారు. "పాపా, నీకేటవుతాడే ఈడు?" అని ఒకావిడ అడిగింది. "ఎవలో నాకు తెల్దు," అన్నాను. దారిలో చాలాదూరం నడిచాక అన్నాడు: "నాను మీ పెదనాన్నని. తెల్దన్నావు. తెలుసు గదా." కోపం లేదు. పాటల పుస్తకంలో అక్షరం దిద్దినట్టే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

శనివారం మా అమ్మ సంఘ పెద్దను ఒక్కటే అడిగింది. "ఆయనల్లిన సాపల్లో ఒకటియ్యండి బావూ, సుట్టి పంపుతాం."

"అవి గుడి సొత్తమ్మా," అన్నాడు.

మనిషి పరాయివాడు, ఆయన చేతిపని మాత్రం సొత్తు. చివరికి అమ్మ తన పాత చీర తెచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడ్డది. గరుకు ఆయనకు పడదని అమ్మకు తెలుసు.

మర్నాడు ఆదివారం గుడికి వెళ్ళాను. చాపలు ఓ మూలన చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. మీరంతా ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి "మంచోడు, పాపం" అన్నారు. ఆ మాట నేను నమ్మను. ఇన్నేళ్ళలో ఆ అరుగు మీద ఆయన పక్కన ఒక్కరు కూర్చున్నారా? దూరంగానైనా?

చంద్రుడి మీదికి మనుషులు వెళ్ళొచ్చారని మొన్న రేడియో చెప్పింది. ఆయనకూ మీకూ మధ్య ఉన్నది ఒక మట్టిగోడ.

అందుకని అడుగుతున్నాను. ఆయన పేరు సంఘం పుస్తకంలో రాయండి. ఆయన్ని తవ్వి లోపలికి తెమ్మని మాత్రం అనను. ఎవరూ ఆయన్ని ముట్టుకోవద్దు, ఆయనకు పడదు. గోడ జరపండి. కూల్చి, ఆయన్ని కలుపుకుని మళ్ళీ కట్టండి. మట్టి నేను మోస్తాను.

వచ్చే నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల దగ్గర రొట్టె విరిచే ముందు, అందరి ఎదుటా జవాబు చెప్పాలి. కాగితం మీద రాసి ఇవ్వాలి. అంతదాకా నేను లోపలికి రాను. కిటికీ అరుగు మీద, ఆయన చోటు వదిలి, పక్కన కూర్చుంటాను. అక్కణ్ణించి మీ చాపల అంచులన్నీ కనిపిస్తాయి.