జైపూర్‌కు రెండే టికెట్లు

కరోనా తగ్గి జనం మళ్లీ ప్రయాణాలు మొదలుపెట్టాక వచ్చిన మొదటి పెళ్లిళ్ల సీజన్ అది. అప్పుడు నేను సికింద్రాబాద్‌లో ఒక ట్రావెల్ సంస్థలో దేశీయ యాత్రల విభాగానికి సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. హోదా వినడానికి పెద్దదే. చేసే పని మాత్రం, వచ్చినవాళ్లు ఏ రోజు ఎక్కడుండాలో, ఏం చూడాలో, ఎలా తిరగాలో ప్లాను వేసి, టికెట్లూ గదులూ ఖాయం చేయడం. నా పైన బ్రాంచ్ మేనేజర్ ఒక్కరే. హనీమూన్ ప్రయాణాలు దాదాపు అన్నీ నా టేబుల్‌కే వచ్చేవి. వాటిలో ఒకటి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మల్కాజ్‌గిరి నుంచి మహేందర్ అనే ఆయన వచ్చాడు. వెంట అతని చెల్లెలు శిరీష, ఆమెకు కాబోయే భర్త కిరణ్ ఉన్నారు. ఇద్దరికీ పుట్టుకతోనే వినికిడి లేదు. శిరీష చీరల మీద అచ్చు వేసే డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తుంది. కిరణ్ కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఈ సంగతులన్నీ చెప్పింది మహేందరే. జైపూర్‌కు నాలుగు టికెట్లు కావాలన్నాడు. కొత్త జంటతో పాటు తనూ తన భార్యా వెళ్తారట, గదులు పక్కపక్కనే ఉండాలట.

“వాళ్లకు వినబడది మేడం. ఒంటరిగ ఎట్ల పంపుతం?” అన్నాడు.

అతను మాట్లాడుతున్నంతసేపూ ఆ ఇద్దరూ గోడవైపు కుర్చీల్లో కూర్చుని సైగలతో ఏదో వాదించుకుంటున్నారు. హనీమూన్ వాళ్లది. ప్లాను మాత్రం వాళ్ల ప్రమేయం లేకుండానే తయారవుతోంది. నాకది నచ్చలేదు. కంప్యూటర్ తెర శిరీష వైపు తిప్పి, పెద్ద అక్షరాలతో “మీకేం చూడాలనుంది?” అని టైపు చేశాను. “దానికేం దెల్సు మేడం, నేనున్న గదా” అని మహేందర్ అడ్డుపడ్డాడు. శిరీష అప్పటికే కీబోర్డు తన ముందుకు లాక్కుంది.

బస జైపూర్ పాతబస్తీలోనే ఉండాలి, అని కొట్టింది. పొద్దున్నే బజార్లు తెరుస్తుంటే చూడాలి, లక్క గాజులు చేసే వీధికి వెళ్లాలి, ఊరి పక్కనే ఉన్న సాంగనేర్‌లో బట్టల మీద అచ్చు వేసే చోట ఒక పూట గడపాలి. ఆఖరున “మేమిద్దరమే” అని కొట్టి, ఆ మాట కింద గీత కూడా గీసింది.

మహేందర్ లేచి నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లాడు. కాసేపటికి నాకూ పిలుపొచ్చింది. నలుగురి బేరం వస్తుంటే ఇద్దరికి ఎందుకు కుదిస్తున్నారని మేనేజర్ అడిగారు. వెళ్లేవాళ్లు ఇద్దరేనని చెప్పాను. పైగా వాళ్లకేమైనా అయితే బాధ్యత ఎవరిదన్నారు. ఊటీకో గోవాకో పంపిన ఏ జంట గురించీ ఆయన ఆ ప్రశ్న వేయగా నేను వినలేదు. ఆ మాటే అన్నాను. ఆయనకు రుచించలేదు.

మా పద్ధతిలో ముందు గదిని హోల్డ్‌లో పెట్టిస్తాం. అంటే కొంత గడువు దాకా హోటల్‌వాళ్లు దాన్ని ఇంకెవరికీ ఇవ్వరు. పాతబస్తీలో హవేలీ అనే పాతకాలపు భవంతిని హోటల్‌గా మార్చిన చోట ఒక మంచి గది అలా ఆపించాను. అతిథులకు వినబడదు కనుక ఏదైనా చెప్పాలంటే ఫోన్‌కు మెసేజ్ పెట్టమనీ, పిలవాలంటే గదిలో లైటు వెలిగే ఏర్పాటు చేయమనీ రాశాను. గంట తిరక్కుండా ఆ హోటల్‌లో బుకింగ్ చూసే ఆయన ఫోన్ చేశాడు. వెంట ఎవరైనా సంరక్షకుడు ఉంటేనే గది ఇస్తామన్నాడు. రాత్రి ఏదైనా జరిగితే తలుపు కొట్టినా వినబడని వాళ్లతో తమకు తలనొప్పి ఎందుకన్నాడు. ఆ ముక్క మెయిల్‌లో రాసివ్వమన్నాను. రాయనన్నాడు. హోల్డ్ తీసేశాడు.

మేనేజర్‌కు చెబితే, ఇంకో హోటల్‌లో అడిగేటప్పుడు వాళ్లకు వినబడదన్న సంగతి ఎత్తకండి అన్నారు. దాచిపెట్టడానికి వాళ్లేం నేరం చేశారండీ అని అడిగాను. అప్పుడు నా గొంతు పెరిగిందని తర్వాత పక్క టేబుల్‌వాళ్లు చెప్పారు. పెరిగే ఉంటుంది.

మర్నాడు ముగ్గురూ మళ్లీ వచ్చారు. హోటల్ సంగతి దాచకుండా చెప్పాను. మహేందర్‌కు అది ఆసరా అయింది. “చూసిన్రా మేడం, హోటలోళ్లే వద్దంటున్నరు. నేను చెప్తే తప్పయింది” అన్నాడు. మా ఇద్దరి మాటలూ టైపు చేసి ఆ ఇద్దరికీ చూపించాను. కిరణ్ ముఖం ఎర్రబడింది. చదువు అయిపోయినప్పటి నుంచీ మౌలాలిలో ఒక్కడినే ఉంటున్నాననీ, బధిరుల క్రికెట్ పోటీలకు సగం దేశం తిరిగాననీ, జైపూర్‌లో తన జట్టు మిత్రుడు భార్యతో సహా ఉన్నాడనీ గబగబా కొట్టాడు.

శిరీష ఫోన్ తీసి చాలాసేపు ఏదో టైపు చేసింది. అన్నకు ఇవ్వలేదు. నాకిచ్చి, పైకి చదవమని సైగ చేసింది. ఆఫీసంతా వినేలా చదివాను.

“అన్నా, నువ్వు, వదిన ఊటీ పోయినప్పుడు నేను వెంట వచ్చిన్నా? నాకు వినబడదు. సిగ్గు కూడ లేదనుకుంటున్నవా?”

మహేందర్ తల దించుకున్నాడు. “అమ్మ పరేషాన్ అయితది మేడం. మా నాయన పోయినకాన్నుంచి చెల్లెను నేనే చూస్కుంటున్న” అన్నాడు మెల్లగా. అది నిజమే అయి ఉంటుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన అడక్కుండా నిర్ణయించే హక్కు వస్తుందా? ఆ మాట నేను పైకి అనలేదు. అతనే మళ్లీ, రోజూ వీడియో కాల్ చేయమని చెప్పండి చాలు అన్నాడు. నేను టైపు చేశాను. శిరీష జవాబు కొట్టింది: “రోజూ కాదు. బుద్ధి పుట్టినప్పుడు చేస్తా.” అది చదివి అతను నవ్వేశాడు. రెండు టికెట్లే చేయమన్నాడు.

గది కోసం మళ్లీ ఫోన్లు చేశాను, ఈసారి కూడా ఏమీ దాచకుండానే. రెండు హోటళ్లవాళ్లు కుదరదన్నారు. పాతబస్తీలోనే చిన్న హోటల్ నడిపే ఒకావిడ మాత్రం, వాళ్లు హిందీ చదవగలరా అని ఒక్క ప్రశ్న వేసింది. ఇంగ్లిషు చదువుతారన్నాను. తలుపు గంటకు ఒక బల్బు కలిపించి ఫోటో పంపింది. దానికి ఎలక్ట్రీషియన్‌కు ఎంతోసేపు పట్టలేదట. ఆ హవేలీ హోటల్‌వాడు సంరక్షకుడు కావాలన్నది ఈపాటి పనికే.

పెళ్లయ్యాక వెళ్లారు, తిరిగారు, వచ్చారు. మధ్యలో శిరీష నాకొక వీడియో పంపింది. జోహరీ బజార్‌లో జనం తోసుకుంటుండగా కిరణ్, అతని మిత్రుడు, మిత్రుడి భార్య ముగ్గురూ చేతులు ఊపుతూ పోట్లాడుకుంటున్నారు. ఏ కచోరీ దుకాణం మంచిదన్న దాని మీద అని కింద రాసింది. ఆ తర్వాత సాంగనేర్‌లో తను స్వయంగా అచ్చు వేసిన దుపట్టా ఫోటో వచ్చింది.

గది నిరాకరించిన హోటల్‌ను మా జాబితాలోంచి తీసేయమని మేనేజర్‌ను రాతపూర్వకంగా అడిగాను. వ్యాపారంలో ఇలాంటివి మామూలే అన్నారు. రిటైరయ్యేదాకా నేను ఒక్క అతిథినీ అక్కడికి పంపలేదు. ఆ హోటల్ ఆ జాబితాలో ఇంకా ఉందని ఈ మధ్యనే విన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. టేబుల్ ముందు కూర్చుని మాట్లాడేవాడు, ప్రయాణం చేసేవాడు ఒకరే కాకపోవచ్చు. ప్రయాణం చేసేవాళ్లను అడగండి. వాళ్లకు ఏ భాష అందుతుందో ఆ భాషలో అడగండి. అది తెలుసుకోవడం మన ఉద్యోగంలో భాగం.