ఓబులమ్మ సాక్ష్యం

నేను ఓడిపోయిన కేసులు చాలా ఉన్నాయి. అవేవీ గుర్తుకు రావు. గెలిచిన కేసు ఒకటి మాత్రం రాష్ట్రం రెండు కాకముందు నుంచీ గుండె మీద తిరగలి రాయిలా కూర్చుంది. నా భార్యకు చెప్పలేదు. మా పాస్టరు గారికి చెప్పలేదు. రోజూ ప్రార్థన చేసుకుంటాను, అందులోనూ ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి గబగబా దాటేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది జమ్మలమడుగులో, క్రైస్తవ కుటుంబంలో. ప్రొద్దుటూరులో లాయరుగా బతికాను. ఎక్కువగా క్రిమినల్ కేసులే. సాక్షిని నిలబెట్టడం, పడగొట్టడం, రెండూ నాకు బాగా వచ్చు. గొప్ప చెప్పుకోవడం కాదు, చేతికి అలవాటైన పని అది. ఆ పని వల్లే మా చర్చిలో నాకో పీట వేశారు. ఏటా ఈస్టరుకు ముందు శనివారం సాయంత్రం యువతకు నేను క్లాసు చెప్పాలి. యేసు సమాధిలోంచి లేచాడనడానికి ఆధారాలేమిటి? ఒక లాయరు వాటిని ఎలా తూకం వేస్తాడు?

ఆ క్లాసు బాగా చెబుతాను. నమ్మి చెబుతాను కాబట్టి బాగా చెబుతాను. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లు. ఆ కాలంలో, ఆ దేశంలో, ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. కథ అల్లేవాడెవడైనా ఊళ్లో పేరున్న మగవాణ్ణి తెచ్చి నిలబెడతాడు గానీ, తెల్లవారకముందే ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లను నిలబెడతాడా? ఇక శిష్యులు. ప్రాణభయంతో పారిపోయినవాళ్లు తిరిగొచ్చి, దెబ్బలు తింటూ అదే మాట మీద నిలబడ్డారు. దానివల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. చూసినవాళ్లు బతికుండగానే ఆ మాట ఊళ్లు తిరిగింది, కాదనాలనుకున్నవాళ్లు వెళ్లి అడగడానికి మనుషులున్నారు. ఇవన్నీ కలిపినా చచ్చినవాడు లేచాడని లెక్కలో తేలినట్టు తేలదు, ఆ సంగతీ పిల్లల దగ్గర దాచను. ఆధారం మనల్ని గుమ్మం దాకా తీసుకొస్తుంది, లోపలికి అడుగు మనమే వేయాలి. నేను వేశాను. ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు.

దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి నిలబడతారు. ఒక సువార్తలో సమాధి దగ్గర ఒక దూతే ఉన్నాడు, ఇంకోదాంట్లో ఇద్దరున్నారు, ఏది నమ్మాలి అంకుల్ అని. నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాను. నేర్పించి తెచ్చిన సాక్షులు చిలకల్లా ఒకే మాట అంటారు, నిజంగా చూసినవాళ్ల మాటల్లోనే చిన్న చిన్న తేడాలు ఉంటాయి అంటాను. ఆపైన కాస్త ఆగి, అసలు మాట వదులుతాను. ఇద్దరున్నచోట ఒకడు లేకుండా పోతాడా? మాట్లాడినవాడి గురించి ఒకరు చెప్పారు, కనిపించినవాళ్లందరి గురించీ ఇంకొకరు చెప్పారు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఆ జవాబు నాది కాదు. పులివెందుల కోర్టులో, బోనులో నిలబడి, ఒక ముసలామె నాకు చెప్పింది.

ఆమె పేరు ఓబులమ్మ. సింహాద్రిపురం దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. వాళ్ల మంద ఒకసారి పక్కనున్న చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో పడి లేత మొక్కలు కొరికింది. మాటా మాటా పెరిగింది. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున, గొర్రెలు నీళ్లు తాగే తొట్టిలో పురుగుమందు కలిసింది. మంద దాదాపు అంతా పోయింది. దొడ్డి దగ్గరికి వస్తూ అత్తాకోడళ్లు తొట్టి పక్కన మనుషుల్ని చూశామన్నారు. తోట యజమాని మీద కేసు పడింది. అతను నా క్లయింటు.

అతను నా ఆఫీసులో కూర్చుని, కాఫీ తాగుతూ, దాచకుండా అంతా చెప్పాడు. మందు కలపడానికి బావమరిదిని వెంటబెట్టుకుని పోయాడట. ముసలామె ఎదురుపడితే తనే ఏదో ఒకటి అని పలకరించాడట. ఆలోగా బావమరిది గోడ చాటుకు జరిగాడట. అంటే ఆ ఆడవాళ్లు బోనెక్కకముందే, వాళ్లు చెప్పబోయే ప్రతి మాటా నిజమని నాకు తెలుసు.

కోడలు ముందు వచ్చి, ఇద్దరు మనుషులంది. తర్వాత ఓబులమ్మ వచ్చి ఒకడి గురించే చెప్పింది. నాకు పండగైంది. లేచాను.

“మీ కోడలు ఇద్దరంటాంది. నువ్వు ఒకడంటాండావు. మీలో అబద్ధం చెప్తాండేది ఎవరమ్మా?”

“ఇద్దరున్నకాడ ఒగడు లేకుండా పోతాడా సారూ? నాతో మాట్లాడినోని సంగతి నేను చెప్తాండా. రెండోవాడు గోడ సాటుకు పాయె. ఆ పిల్ల ఇద్దర్నీ సూసింది.”

“ఒకడా, ఇద్దరా? అంతే చెప్పు.”

“ఇదేందప్పా... మాట్లాడింది ఒగడే.”

“చీకట్లో, ఏడుస్తూ, మనిషిని ఎట్లా గుర్తుపట్టినావు?”

“అప్పుడింకా యాడ ఏడ్సినా సారూ? గొర్రెలు పడిపోయినాకనే ఏడ్సింది.”

ఆమె నన్ను కోపంగా చూడలేదు. ఇంత చదివినవాడికి ఇంత చిన్న సంగతి ఎందుకు అర్థం కావడంలేదని నిజంగానే ఆశ్చర్యపోయింది. నేను ఆమెను ఇంకో మాట చెప్పనివ్వలేదు. చదువులేని ఆడవాళ్లు, మసక వెలుతురు, తోట గొడవ మనసులో పెట్టుకుని అల్లిన కట్టుకథ అని వాదించాను. ఎవరో నేర్పించి పంపారని కూడా అన్నాను. నేర్పించి ఉంటే ఇద్దరూ ఒకే మాట చెప్పేవాళ్లని ఆ కోర్టు హాల్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కేసు కొట్టేశారు.

ఆ ఏడు క్లయింటు మూటలకొద్దీ చీనీకాయలు పంపాడు. ఈస్టరు రోజు రసం తీసి చర్చిలో అందరికీ పోశాం. నేనూ తాగాను. మరుసటి ఏడు క్లాసులో ఒక కుర్రాడు దూతలు ఒకరా ఇద్దరా అని అడిగితే, ఓబులమ్మ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. చెప్పేశాక గానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు. గుర్తొచ్చాకైనా వదిలేశానా? లేదు. బాగా పనిచేసింది కాబట్టి ఉంచుకున్నాను.

నా తప్పు సరిగ్గా ఎక్కడుంది? ఈ ప్రశ్న మీద నన్ను నేను చాలాసార్లు క్రాస్ ఎగ్జామిన్ చేసుకున్నాను. ఎంత చెడ్డవాడికైనా ఒక లాయరు ఉండాలి, సాక్ష్యాన్ని గట్టిగా పరీక్షించాలి, ఆ మాట ఇప్పటికీ అంటాను. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదన్నదీ మా నియమమే, ఆ నియమం చాటున చాలా ఏళ్లు హాయిగా గడిపాను. కానీ నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరు అనమని ఏ నియమం చెప్పింది? అది నేను సొంతంగా చేసిన పని. సమాధి నుంచి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ల మాటల్ని మొదట కొట్టిపారేసింది శిష్యులే. వాళ్లు తెలియక చేశారు. నేను అన్నీ తెలిసి చేశాను.

ఓబులమ్మ కొడుకు మిగిలిన కొద్ది జీవాలనూ అమ్మేసి, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలకు లోడింగు పనికి పోయాడని తర్వాత తెలిసింది. ఆమె ఊళ్లోనే ఉండిపోయింది. దొంగసాక్ష్యం చెప్పిన ముసల్దని ఊరు చెప్పుకుంటుండగానే కన్నుమూసింది. ఆ పేరు ఆమెకు పెట్టింది నేను.

పోయిన ఈస్టరుకు క్లాసు అయ్యాక ఒక కాలేజీ అమ్మాయి దగ్గరికొచ్చి, దూతల గురించి చెప్పిన ఆ జవాబు మొదట ఎవరు చెప్పారంకుల్ అని అడిగింది. విదేశాల్లో ఒక పెద్ద పండితుడు, పుస్తకంలో చదివానన్నాను. ఆ పిల్ల, ఆయన పేరు రాసుకుంటానని పెన్ను తీసింది. గుర్తు లేదమ్మా అన్నాను. చర్చిలో నిలబడి, సాక్ష్యాల మీద పాఠం చెప్పి, ఆ వెంటనే అబద్ధమాడాను. ఆ రోజు నుంచి ఇది దాచిపెట్టడం నా వల్ల కాలేదు.

మీ విశ్వాసం కదిలిందా అని మీరు అడగొచ్చు. లేదు. కదిలి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ ఆదివారం పొద్దున వచ్చిన ఆడవాళ్లను ఏ తూకంతో నమ్మానో, ఓబులమ్మను కూడా అదే తూకంతో నమ్మాలి. వాళ్లను నమ్మి ఈమెను వదిలేస్తే నా తూకం దొంగ తూకమే.

క్లయింటు కూడా పోయాడు. కోడలు ఉంది, ఆ ఊళ్లోనే. వెళ్తే లోపలికి రమ్మంటుందో లేదో తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. దేవుడి దగ్గరా ఆ మాట ఇంకా ఎత్తలేదు. బోనెక్కిన మనిషి చేయాల్సిన పని మాత్రం ఇప్పుడు చేస్తున్నాను, మీరు వినండి చాలు. ఆ తెల్లవారుజామున తొట్టి దగ్గరికి ఇద్దరు వచ్చారు. మాట్లాడింది ఒకడే. కోడలు చెప్పింది నిజం. ఓబులమ్మ చెప్పిందీ నిజం. అది నాకు ఆ రోజే తెలుసు.